పులుపు తగలనివ్వకు

సెప్టెంబర్ 21, గురువారం

సలాం నఫోసత్, ఎలా ఉన్నావు? ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. రెండేళ్లకి ఆలస్యం అనే మాట సరిపోదనుకో.

ఇక్కడిదాకా కొట్టి, పంపే బొత్తాం దగ్గర ఆగిపోయాను. పంపను. పంపాల్సిన అవసరం కూడా లేదు. ఫోన్లో నోట్సులోకి తెచ్చి పెట్టుకున్నాను, ఇది నాకోసమే. ఎవరితోనో ఒకరితో వాగకపోతే నాకు ముద్ద దిగదు కదా, పేరు నీది పెట్టుకున్నాను, అంతే.

ఇవాళ సంతలో నా పరువు పోయింది. పూర్తిగా పోలేదు. పదిహేను రోజుల గడువు ఉంది.

తుల్కిన్ ఉస్తా వచ్చాడు, ఊరి నేతగాళ్లకి గురువు. మన ఊరు మార్గిలాన్ మొత్తంలో ఆయన చెయ్యి పడితేనే పట్టు పట్టవుతుందని అంటారే, ఆయనే. ఎనిమిది కొట్టుగదులు దాటి తిన్నగా నా సబ్బుల కొట్టుకి వచ్చి, త్రాసు పళ్లెంలో ఒక పట్టుదారం చిలప పడేశాడు.

"ఇదేంటో చెప్పు అమ్మాయ్."

"పట్టు, ఉస్తా."

"చేత్తో పట్టుకుని చెప్పు."

పట్టుకున్నాను. జిడ్డు. మెరుపు లేదు, అక్కడక్కడా తెల్లటి పొడ. బంక వదలడానికి సబ్బునీళ్లలో ఉడికించిన పట్టు అలా ఉండకూడదు.

"మా గాడిద వీపు దీనికన్నా నిగనిగలాడుతుంది. పదిహేనేళ్లుగా నీ సబ్బే వాడుతున్నాను. ఈ మూణ్ణెల్లుగా ఏం కలుపుతున్నావు అందులో? సున్నమా, పిండా?"

"నా పిల్లల మీద ఒట్టు ఉస్తా, ఏమీ కలపలేదు!"

పక్క కొట్టు దారాలావిడ ఊరుకుంటుందా? "పెరుగు సబ్బు సానబర్!" అంది. నలుగురూ నవ్వారు. ఆ పేరు నాకు ఎవరి వల్ల వచ్చిందో వేరే చెప్పాలా? మీ అన్న కొడుకు పెళ్లిలో, ఆడాళ్లంతా చూస్తుండగా, నా సబ్బు తురుము గ్లాసు నీళ్లలో వేసి గిలకొట్టింది ఎవరు? నురగ రాలేదు, పెరుగులా విరిగింది. అందరూ పడీపడీ నవ్వారు. నువ్వేదో చెప్పబోయావు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఉస్తా మాత్రం నవ్వలేదు. "ఇంకొక్క పడుగుకి పట్టు ఉడికిస్తాను, నీ సబ్బుతోనే. అక్టోబర్ ఐదు గురువారం, ఇదే పళ్లెంలో పెట్టి, ఎలా ఉందో అలాగే చెబుతాను" అని వెళ్లిపోయాడు.

ఆయన సబ్బు చెడ్డదంటే ముప్ఫై మగ్గాల ఇళ్లు నా గుమ్మం తొక్కవు. నాకు తెలిసిన పని ఇదొక్కటే.

సెప్టెంబర్ 22

నా సబ్బు మంచిదే.

సెప్టెంబర్ 23, శనివారం

నా సబ్బు మంచిదే!! దొరికింది, దొరికింది!

బతిమాలుకుందామని ఉస్తా ఇంటికి వెళ్లాను. ఆయన లేడు. వాళ్లావిడ హోసియత్ ఖాలా, నాకు పిన్నిలాంటిది, రొట్టె విరిచి పెట్టి టీ పోసింది. పియాలా కప్పులో టీ మీద మెరిసే తెట్టు, నూనె చుక్క పడినట్టు. కెటిల్ మూత తీసి చూస్తే లోపల గోరు మందాన తెల్లటి పెచ్చు.

"ఖాలా, కెటిల్‌కి ఎన్నేళ్లు?"

"ఎన్నేళ్లేమిటే, రంజాన్‌కి కొన్నాను! వారానికోసారి వెనిగర్ పోసి కడుగుతూనే ఉన్నాను. కాలువకి సిమెంటు వేస్తున్నారు కదా, మూణ్ణెల్లుగా బోరు నీళ్లే."

మూణ్ణెల్లు! ఆయన పట్టు పాడైందీ మూణ్ణెల్ల నుంచే! పియాలా సగంలో వదిలేసి లేచాను. "టీ తాగి పోవే, ఇల్లేమన్నా తగలబడుతోందా?" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది. వాళ్ల బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకుని ఇంటికి పరుగు.

ఒక గ్లాసులో బోరు నీళ్లు. ఇంకో గ్లాసులోకి సున్నం లేని మెత్తటి నీళ్లు ఎక్కడివి? ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టిన మంచు చెంచాతో గీకి కరిగించాను. గాల్లోంచి వచ్చిన నీళ్లు, వాటిలో రాయీ రప్పా ఉండదు. రెండింట్లోనూ ఒకే సబ్బు తురుము, ఒకేలా గిలకొట్టాను.

బోరు గ్లాసు: పెరుగు. మంచు గ్లాసు: నురగ అంచు దాకా లేచి, పొంగి, మోచేతి మీద కారింది.

ఒక్కదాన్నే వంటింట్లో గంతులేశాను. నా కూతురు తొంగిచూసి తలుపు వేసేసింది.

సెప్టెంబర్ 24, ఆదివారం

సంతకి రెండు గ్లాసులూ పట్టుకెళ్లి ఉస్తాకి చూపించాను. చూశాడు. గడ్డం గీరుకున్నాడు.

"సరే అమ్మాయ్. నా నలభై బకెట్ల నీళ్లకి నీ ఫ్రిజ్ మంచు ఎప్పటికి గీకుతావు?"

దారాలావిడ పగలబడి నవ్వింది. "వచ్చే రంజాన్‌కి అవుతుంది ఉస్తా!"

అదీ నిజమే. తప్పు నీళ్లదని తెలిసినా, ఆ నీళ్లు మార్చలేకపోతే నా నోట మాటకి విలువేముంది?

కొట్టు కట్టేస్తుంటే త్రాసు ఒక పక్కకి ఒరిగింది. దాని కింద ఎత్తు కోసం పెట్టిన పొట్లం జారింది. రెండేళ్ల కిందటి పొట్లం. పెళ్లి జరిగిన మూడో రోజు మా గుమ్మం ముందు నఫోసత్ పెట్టి వెళ్లింది. అంటే నువ్వు. విప్పకుండా త్రాసు కిందకి తోసేశాను.

ఇవాళ విప్పాను. ఉత్తినే, ఏముందో చూద్దామని.

అర కిలో గింజలు, జొన్నల్లా, మట్టిరంగులో. ఒక కాగితం:

"సానబర్, ఆ రోజు నేను తప్పుపట్టింది నీళ్లని, నీ సబ్బుని కాదు. చెప్పేలోపే వెళ్లిపోయావు. ఇవి మా ఫెర్గానా ఇన్‌స్టిట్యూట్లో మట్టీ సోడా కలిపి మేమే వండిన గింజలు, జియోలైట్ అంటారు. వీటి మీదుగా నీళ్లు నెమ్మదిగా పోనీ. అలిసిపోతే ఉప్పునీళ్లలో నానబెట్టు, మళ్లీ లేస్తాయి. ముఖ్యంగా పులుపు తగలనివ్వకు. పులుపు తగిలిందా, ఇల్లే కూలిపోతుంది."

క్షమాపణ చెప్పే కాగితంలో కూడా ఎత్తిపొడుపు మానవు. పులుపట! నా మొహంలో పులుపు, నా మాటలో పులుపు, దానివల్ల కాపురాలు కూలిపోతాయని! ఆ చివరి రెండు ముక్కలూ వెనక్కి మడిచేశాను.

సెప్టెంబర్ 25, సోమవారం

ఐదు లీటర్ల నీళ్లసీసా అడుగు కోసి తలకిందులు చేశాను. మూతికి గుడ్డ కట్టి, గింజలు పోసి, పైనుంచి మా వీధి బోరు నీళ్లు గుమ్మరించాను. కింద పట్టిన నీళ్లలో సబ్బు వేస్తే పెరుగే.

"నెమ్మదిగా" అని రాసి ఉంది కదా మొద్దూ.

మళ్లీ. ఈసారి నీళ్లు దారంలా, సన్నగా, విసుగొచ్చేంత సన్నగా. గ్లాసు నిండేలోపు రెండు కూరగాయలు తరిగాను.

నురగ! అరచెయ్యంత ఎత్తు నురగ! బోరు నీళ్లలో! మంచు లేదు, మాయ లేదు, జొన్నగింజలంత మట్టి ఉండలు!

కాగితం వెనక నువ్వు వేసిన బొమ్మ అప్పుడు చూశాను. దామస్ బండి. మన ఊరు నుంచి ఫెర్గానాకి తిరిగే బుల్లి వ్యాను. గింజ లోపల అలాంటి బళ్లు కోట్లున్నాయని రాశావు. సీట్లలో కూర్చున్నది సోడియం కుర్రాళ్లు, మనిషికో సీటు. నీళ్లలోంచి కాల్షియం పెద్దమ్మ వస్తుంది, రెండు చేతులా సంచులతో. ఆవిడ ఎక్కిందంటే రెండు సీట్లు కావాలి, ఇద్దరు కుర్రాళ్లు దిగిపోవాలి. సబ్బుని విరగ్గొట్టేది ఆ పెద్దమ్మే, కుర్రాళ్లు సబ్బు జోలికి పోరు. పెద్దమ్మకి మా దారాలావిడ మొహం వేశావు! రెండేళ్లు త్రాసు కింద పెట్టుకుని ఈ బొమ్మ చూడలేదు నేను.

సెప్టెంబర్ 26, మంగళవారం

తొమ్మిది బకెట్లు నురగ. పదోది పెరుగు.

బండి నిండిపోయింది, అన్ని సీట్లలోనూ పెద్దమ్మలే. చిక్కగా ఉప్పు కలిపి గింజలు అందులో వేసి పడుకున్నాను.

సెప్టెంబర్ 27

లేచాయి!!! ఉప్పు రుచి పోయేదాకా కడిగి చూశాను. మళ్లీ తొమ్మిది బకెట్లు. ఉప్పంతా సోడియం కుర్రాళ్లే కదా, సంత రోజు బండి మీద పడ్డట్టు గుంపుగా పడితే పెద్దమ్మలు ఎంతసేపు కూర్చుంటారు, సంచులతో సహా దిగాల్సిందే.

నీకు చెబితే ఎలా నవ్వేదానివో. చెప్పను.

సెప్టెంబర్ 28, గురువారం

సంత అయ్యాక సీసా, గింజలు, ఉప్పు సంచీ వేసుకుని ఉస్తా ఇంటికి వెళ్లాను. పెరట్లో మల్బరీ చెట్టు కొమ్మకి సీసా వేలాడదీశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కింద పడే ప్రతి చుక్కనీ చూశాడు. గ్లాసులో సబ్బు తనే వేసుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. గిలకొట్టాడు.

నురగ ఆయన మీసాలకి అంటింది.

"ఇంకోసారి" అన్నాడు. మళ్లీ నురగ. ఆరు సార్లు చేశాడు, నఫోసత్! డెబ్బై రెండేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా!

"ఇంక చాల్లెండి, సబ్బు దండగ" అంది హోసియత్ ఖాలా.

"నువ్వుండవే. కాలువ నీళ్లే ఇవి. నా కాలువ నీళ్లు తిరిగొచ్చాయి." నా వైపు తిరిగాడు. "ఏం కావాలి వీటికి? ఎలా చూసుకోవాలి?"

"రోజుకి తొమ్మిది బకెట్లు, సన్నగా. సాయంత్రం ఉప్పునీళ్లు. పొద్దున్న కడగాలి. అంతే ఉస్తా, ఉప్పు చాలు."

నలభై బకెట్లంటే ఐదు రోజులు. పీపాలు నింపే పని తనే చేస్తానన్నాడు. మంగళవారానికి అయిపోతుంది, బుధవారం పట్టు ఉడికిస్తాడు, గురువారం సంత.

అక్టోబర్ 1

ఇరవై ఏడు బకెట్లు అయ్యాయి. ఆయన గింజలతో మాట్లాడుతున్నాడట, ఖాలా చెప్పింది. "అలిసిపోయారా బిడ్డల్లారా, రండి ఉప్పు తిందురు గాని" అంటాడట.

అక్టోబర్ 2, సోమవారం

అయిపోయింది.

ఖాలా ఫోన్ చేసింది. వెళ్లేసరికి ఉస్తా మల్బరీ చెట్టు కింద తల పట్టుకుని ఉన్నాడు. తొట్టిలో గింజలు లేవు. బూడిదరంగు గంజిలాంటిది ఉంది. చెయ్యి పెడితే వేళ్ల మధ్య నుంచి జారిపోయింది.

"వెనిగర్ పెట్టాను" అన్నాడు.

"ఎందుకు ఉస్తా?!"

"ఎందుకేమిటి అమ్మాయ్? ఉప్పు మీద ఉప్పు పెట్టి వాటిని పీల్చేస్తున్నాం కదా, పాపం అనిపించింది. సబ్బూ సోడా తిన్న పట్టుకి ఆఖర్న ఏం చేస్తాను? వెనిగర్ స్నానం. అప్పుడే కదా పట్టు గట్టిపడి, పిండితే కర్రుమని మాట్లాడేది. పొద్దున్నుంచి ఘాటైన వెనిగర్లో పెట్టాను. ఇవీ మాట్లాడతాయనుకున్నాను."

మార్గిలాన్లో ఎవరైనా అదే చేస్తారు. కెటిల్‌కి వెనిగర్, పట్టుకి వెనిగర్. ఆయన్ని ఏమని అనను?

నడిచి వచ్చాను. బండెక్కడానికి కూడా సిగ్గేసింది. ఇంటికొచ్చి కాగితం మడత విప్పాను.

పులుపు తగలనివ్వకు. పులుపు తగిలిందా, ఇల్లే కూలిపోతుంది.

గింజ ఇల్లు. గింజ లోపలి గదులు. నా మొహం కాదు.

రెండేళ్లు నీ మీద అలిగి, తీరా విప్పాక ఆ మాట నా మీద పడ్డ రాయిలా చూసుకుని, మడిచి పెట్టి, ఆ పెద్దాయనకి చెప్పకుండా ఊరుకున్నది నేను. వెనిగర్ పోసింది ఉస్తా కాదు.

పదమూడు బకెట్లు తక్కువ. మూడు రోజులు.

అక్టోబర్ 3, మంగళవారం

నంబరు మార్చలేదు నువ్వు.

"ఎవరూ?"

"నేను. సబ్బు."

"పెరుగు సబ్బా?"

"ఆఁ. అదే."

"బతికే ఉన్నావన్నమాట. చెప్పు."

చెప్పాను. బోరు, ఫ్రిజ్ మంచు, దామస్, ఉస్తా, వెనిగర్. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

"పులుపు తగలనివ్వకు అని రాశానా, లేదా?"

"రాశావు. అది నా మొహం గురించనుకున్నాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నావేమో అనుకున్నాను. నవ్వుతున్నావు. ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వావు. "ఒసేయ్ సానబర్, నీ మొహం గురించి రాయాలంటే కాగితం చాలుతుందా? ఆ గింజ గోడల్లో సగం అల్యూమినియమే. పులుపు దాన్ని లాగేస్తుంది. ఇటుకలు లాగేస్తే గోడ నిలుస్తుందా?" అన్నావు. తర్వాత గొంతు మారింది. "ఆ పెళ్లిలో నేను ముందు నీ చెవిలో చెప్పాల్సింది. తెలివి చూపించుకోవాలన్న యావ."

నేనేదో అనాల్సింది. "ఎన్ని కిలోలు ఉన్నాయి?" అన్నాను. సిగ్గులేని వ్యాపారం.

"ఐదు. రెండింటికి బయల్దేరే దామస్‌లో పంపుతున్నాను."

నువ్వు రావా, అని అడగలేదు. పని ఉంటుందని నేనే అనుకున్నాను. అడగకుండానే అనుకున్నాను, ఎప్పట్లాగే.

సంచీ మూడుకి వచ్చింది. ముందు సీటులో, బెల్టు కట్టి. "ఆవిడ ఈ సంచీకి సీటు డబ్బులు కూడా ఇచ్చింది, పిచ్చిదా?" అన్నాడు డ్రైవరు. పైన పెద్ద అక్షరాలతో అట్ట ముక్క: వెనిగర్ వద్దు. నిమ్మకాయ వద్దు. సానబర్ మొహం పర్వాలేదు.

చదివి బస్టాండులో నిలబడి ఏడ్చాను. నవ్వాను కూడా.

గింజలు ఎక్కువ కాబట్టి ఐదు సీసాలు ఒకేసారి వేలాడదీశాం. ఉస్తా ఆ అట్టముక్కని చెట్టుకి మేకేసి కొట్టాడు. ఖాలా ఇంట్లో ఉన్న వెనిగర్ సీసాలన్నీ ఎత్తి పక్కింట్లో పెట్టొచ్చింది.

అక్టోబర్ 4

పీపాలు నిండాయి. పట్టు ఉడికింది. తెలుపు. ఇంకేం రాయను, పొద్దున్నే లేవాలి.

అక్టోబర్ 5, గురువారం

ఉస్తా తొమ్మిదికి వచ్చాడు. దారాలావిడ స్టూలు లాక్కుని ముందే కూర్చుంది. నేత ఇళ్ల వాళ్లు పది పన్నెండు మంది చేరారు. ఆయన చిలప తీసి నా త్రాసు పళ్లెంలో పెట్టాడు. ఎండ పడి మెరిసింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని పిండాడు.

కర్ర్.

కొత్త మంచు మీద అడుగేసినట్టు. సంతలో ఆ ఒక్క చప్పుడే వినపడింది నాకు.

"మాట్లాడుతోంది" అన్నారు ఎవరో.

"మాట్లాడుతుంది మరి. ఆఖరి వెనిగర్ పట్టుకి పెట్టాను, ఈసారి పట్టుకే" అన్నాడు ఉస్తా. అందరి వైపూ తిరిగాడు. "వినండి. సబ్బు మంచిది. పదిహేనేళ్లుగా మంచిదే. చెడ్డది బోరు నీళ్లు. తెలియక ఈ అమ్మాయిని ఇదే చోట నిలబెట్టి మాటన్నాను, ఇదే చోట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకో సంగతి, నీళ్లు బాగుచేసే గింజలకి వెనిగర్ స్నానం చేయించిన మొదటి గాడిదని నేను. రెండో గాడిద మీలో ఎవరూ కాకండి."

నవ్వులు. దారాలావిడ కూడా నవ్వింది, ఈసారి నన్ను చూసి కాదు. "అయితే ఇంక పెరుగు సబ్బు అనకూడదా?"

"అనండి, అనండి" అన్నాను. "పెరుగు మీ బోరులో, సబ్బు నా దగ్గర!"

మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ల వాళ్లు గింజలు అడిగారు. నా దగ్గర లేవు, చేసేది ఫెర్గానాలో నా స్నేహితురాలు అని చెప్పాను. నా స్నేహితురాలు. నోట్లోంచి తనంత తనే వచ్చేసింది.

వెళ్లేముందు ఉస్తా ఒక చిలప కాగితంలో చుట్టి ఇచ్చాడు. "గింజలు వండినావిడకి. నువ్వే చేతికివ్వాలి, బండిలో పంపకు."

కొట్టు మూశాక ఈ నోట్సు పైకి జరిపి మొదటి నుంచి చదివాను. ఇరవై ఒకటో తారీఖున ఆగిపోయిన చోటు దొరికింది. కింద ఉన్నదంతా కలిపి నకలు తీశాను. అలకలు, తిట్లు, పరుగులు, ఏదీ చెరపలేదు. నీ పేరు మీదున్న మెసేజీలో అతికించి, చివర ఇంకో నాలుగు ముక్కలు కొట్టాను. ఈసారి పంపే బొత్తాం దగ్గర వేలు ఆగలేదు.

"సలాం నఫోసత్. రెండేళ్ల ఆలస్యానికి ఏమీ అనుకోకు. పట్టు కర్రుమంది. నీకూ ఒక చిలప ఉంది, చేతికిమ్మన్నారు. దామస్‌లో రెండు సీట్లు పట్టినా సరే, సంచులన్నీ వేసుకుని రా. ఎప్పుడు కలుద్దాం?"